యూదుల దానధర్మము, తెలుగునాట దాని జాడలు

మేము నివసించు దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతమున దానమునకు కొదువ లేదు. గురువారమునాడు గుడిముందు ప్రసాదమునకై జనము బారులు తీరుదురు. ఎండకాలము వచ్చినచో లాల్‌బహదూర్ నగర్ కూడలివఱకును దారిపొడవున చలివేంద్రములు వెలయును. ఒక్కొక్క పందిటికి కట్టిన గుడ్డమీద కుండలకంటె పెద్దవిగా దాతల ముఖములు ముద్రింపబడియుండును. ఒకనాడు ఒక దేవాలయ మండపమున కూర్చుండి తల యెత్తి చూడగా, పైనున్న పంఖా మూడు రెక్కలమీదను దాత పేరును, ఆయన తండ్రి పేరును, స్వగ్రామమును ఎఱ్ఱని యక్షరములతో వ్రాయించియుండిరి. పంఖా తిరుగుచున్నంతసేపును పేరు కనబడదు. కరెంటు పోయినప్పుడే దాత దర్శనమిచ్చును. మాకు నవ్వు వచ్చినది గాని ఆ నవ్వు ఇల్లు చేరువఱకు నిలువలేదు. ఏలయన, పాఠశాల గ్రంథాలయమునకు మేము కొన్ని పుస్తకము లిచ్చినప్పుడు ప్రతి పుస్తకపు మొదటి పుటమీదను మా పేరు మేమే వ్రాసి యిచ్చియుంటిమి.

ఇచ్చువాడు తన పేరు నిలుపుకొనుటకే ఇచ్చునా? పుచ్చుకొనువాడు తన పేరు పోగొట్టుకొనియే పుచ్చుకొనవలెనా? ఈ ప్రశ్నలను పట్టుదలతో విచారించి, జవాబులను శాసనములుగా వ్రాసికొన్న జనులలో యూదులు ముఖ్యులు. యూదులనగా మనకు మిక్కిలి దూరమువారని చదువరులు తలంపవచ్చును. మన వీధిముందునుండి తూర్పుసముద్రమునకు పోవు బాటమీదనే వారి చరిత్ర మనకు పలుమారు లెదురైనది. ఆ బాట చివరనున్న గుంటూరుసీమలో అది నేటికిని సాగుచున్నది.

ముందుగా మాటను చూతము. హెబ్రీ భాషలో దానమునకు త్సెదాకా యని పేరు. ఈ మాటకు మూలార్థము దయ కాదు, జాలి కాదు, న్యాయము, ధర్మము. తెలుగు బైబిలున ఈ మాటయే పెక్కుచోట్ల ‘నీతి’ యని యనువదింపబడినది. హైదరాబాదువారి చెవికి ఇది క్రొత్త శబ్దమును కాదు. ఆపద తొలగవలెనని ముసల్మానుల యిండ్లలో తీసి బీదలకిచ్చు సదఖా దీనికి తోబుట్టువే. అరబ్బీ, హెబ్రీ భాషలు రెండును ఒక కుటుంబమునకు చెందినవి. మన భాషయందును ఈ భావము లేకపోలేదు. మన వాకిట నిలిచిన బిచ్చగాడు ‘దానము చేయుడు’ అనడు. ‘ధర్మం చేయండి బాబూ’ అనును. న్యాయముగా తనకు రావలసినదానినే అడుగుచున్నట్లు ఆ మాట చెప్పుచున్నది. మన మా మాటను దినదినము వినుచును, దాని యర్థమును బిచ్చగానికే విడిచిపెట్టితిమి.

మన శాస్త్రములలో దానవిచారము లోతైనది. ప్రత్యుపకారము చేయజాలనివానికి, తగిన దేశమున, తగిన కాలమున, పాత్రుడైనవానికి ఇచ్చునది సాత్త్వికదానమని గీత పదునేడవ యధ్యాయము చెప్పుచున్నది. ఇచ్చునప్పుడు వినయముతోను, ఇచ్చునది చాలదను లజ్జతోను ఇమ్మని తైత్తిరీయోపనిషత్తు శిష్యునకు బోధించినది. ప్రతిగ్రహమువలన బ్రాహ్మణుని తేజస్సు తఱుగునని మనువు హెచ్చరించెను. ఇన్ని చెప్పినను, ఈ విచారమంతయు పాత్రత యను నిరుసు చుట్టును తిరుగుచున్నదని మాకు తోచుచున్నది. ఎవనికిచ్చిన పుణ్యము, ఎంత పుణ్యము అనునది ఇచ్చువాని ప్రశ్న. అన్నమునకు మాత్రము పాత్రాపాత్రవిచారము లేదని మన పెద్దలు సడలించిరి. ఆ సడలింపువలననే మన పరువు కొంత నిలిచినది.

యూదుల శాస్త్రము పొలమునుండి మొదలగును. కోతకాలమున చేని మూలలను కోయరాదు. క్రింద రాలిన వెన్నులను ఏరుకొనరాదు. మఱచిపోయిన పనకై వెనుకకు పోరాదు. ద్రాక్షతోటలో రాలినవానిని ముట్టరాదు. అవి బీదలకును పరదేశులకును చెందినవి. ఆ మూల ఎంత యుండవలెననుటకు తరువాతి పండితులు అఱువదింట ఒక వంతునకు తగ్గరాదని కట్టడ చేసిరి. విశేషమేమనగా, ఆ మూలను పంచిపెట్టు నధికారము రైతునకు లేదు. తనకు నచ్చిన బీదవానిని పిలిచి ‘నీవు కోసికొనుము’ అని చెప్పరాదు. బీదవారే వచ్చి తమ వంతును తాము కోసికొని పోవలెను. ఇచ్చువాని దొరతనమును శాస్త్రము గట్టుమీదనే ఆపివేసినది. మోయాబుదేశపు పరదేశి, విధవ, రూతు అనునామె ఇట్లే పరుల పొలమున వెన్నులేరుకొని యత్తను పోషించినదనియు, ఆమెయే దావీదు రాజునకు తాతతల్లి యైనదనియు వారి గ్రంథము చెప్పుచున్నది. వెన్నులేరుకొన వచ్చిన పరాయిది రాజవంశమునకు మూలపుటమ్మ యైనది.

పల్లెలో పుట్టినవారికి ఇది క్రొత్తగా తోచదు. రాలిన వెన్నులకు మనకు ‘పరిగె’ యను చక్కని మాట కలదు. కుప్ప యెత్తిన పిదప మాలమాదిగ స్త్రీలు ఒడి కట్టుకొని పరిగె యేరుటను మేము చిన్ననాట చూచితిమి. మా నాయనమ్మ గట్టుమీద నిలుచుండి, పనివాండ్రు పన గట్టిగా దులిపిరా, ఊడ్చి యెత్తిరా యని చూచుచుండెడిది. మిగిలినదెల్ల పరిగెవాండ్ర పాలగునని ఆమె బెంగ. ‘మేర’ యను మాట ఇంకను గట్టిది. చెప్పులు కుట్టి, కపిలకు తోలుబాన కట్టి, ఊరికి వెట్టి చేసిన మాదిగలకు కళ్ళమువద్ద కొలిచి పోయు గింజలకు మేర యని పేరు. అది బిచ్చము కాదు. సంవత్సరపు చాకిరికి రావలసిన హక్కు. అయినను ఆ హక్కును పుచ్చుకొనువాడు కళ్ళములో అడుగుపెట్టరాదు. దూరముగా గుడ్డ పఱచి నిలుచుండవలెను. గింజ న్యాయముగానే దక్కినది, మనిషికి మాత్రము న్యాయము దక్కలేదు. పరిగెయు మేరయు ఉన్న మన పల్లెలలో రూతువలె పెద్దింటి పెరటిలోనికి వచ్చిన పరిగెకత్తె కథను మేము వినలేదు.

12వ శతాబ్దమున స్పెయిను దేశపు కోర్డోవాలో పుట్టి, ఈజిప్టున వైద్యుడుగా నుండి 1204లో గతించిన మైమొనిడీసు అను మహాపండితుడు యూదుల ధర్మశాస్త్రమునంతటిని క్రోడీకరించెను. అందు దానమునకు ఎనిమిది మెట్లు కట్టెను. అన్నింటికంటె క్రిందిది సణుగుకొనుచు ఇచ్చుట. దానికి పైది చాలినంత ఈయకున్నను నగుమొగముతో నిచ్చుట. ఆపైని అడిగిన పిదప నిచ్చుట, అడుగకముందే యిచ్చుట. అడుగనిదే అమ్మయైన పెట్టదని సామెత కట్టుకొన్న మనము ఈ రెండు మెట్ల నడుమ చతికిలబడితిమి. ఆపైని మూడు మెట్లును పేరును గూర్చినవి: పుచ్చుకొనువానికి దాత తెలియును గాని దాతకు అతడు తెలియడు, దాతకు అతడు తెలియును గాని అతనికి దాత తెలియడు, ఇరువురును ఒకరికొకరు తెలియరు. యెరూషలేము దేవాలయమున రహస్యపు గది యొకటి యుండెడిదనియు, అందు భక్తులు చాటుగా సొమ్ము వేసి పోగా, మంచికుటుంబములవారు చాటుగా తీసికొని పోయెడివారనియు చెప్పుదురు. పై మెట్టు చిత్రమైనది.  చేబదులిచ్చియో, వ్యాపారమున వాటా కలిపియో, పని చూపియో, అతడు మఱల చేయి చాపకుండునట్లు నిలువబెట్టుటయే పరమదానమట.

ఇవి చదివి మేము మెచ్చుకొంటిమి గాని, మమ్ము నిలువబెట్టి యాలోచింపజేసినది ఇంకొక చిన్న సూత్రము. త్సెదాకామీద బ్రదుకు బీదవాడును తనకు వచ్చినదానినుండి ఎంతో కొంత త్సెదాకా ఇచ్చి తీరవలెనని అదే గ్రంథమున నున్నది. లెక్కల మాస్టరునకు ఇది వ్యర్థమైన పనిగా తోచును: ఒక బీదవాని చేతినుండి ఇంకొకని చేతికి నాలుగు డబ్బులు మారినంతమాత్రమున లేమి తగ్గునా? తగ్గదు. ఈ సూత్రము ఆకలిని గూర్చి వ్రాసినది కాదు. ఇచ్చుట సంఘమున సభ్యుడగుటకు గుర్తు. ఇయ్యనక్కఱలేదని ఒకనికి చెప్పుట, నీవు మాలో లెక్కకు రావని చెప్పుటయే. పూర్వము ప్రతి యూదు సంఘమునందును వారమునకొకమారు పంచు డబ్బుపెట్టెయు, దినమునకొకమారు పంచు అన్నపు పళ్ళెమును ఉండవలెనని నియమము. ఆ సొమ్మును వసూలు చేయుటకు ఇద్దఱికి తక్కువ పోరాదు. రాజ్యము లేక, సైన్యము లేక, దేశదేశముల చెదరిపోయిన జనులు తాము ఒక జాతి యని చెప్పుకొనుటకు గల ఆధారములలో ఆ పెట్టె యొకటి.

ఇక మన బాటకు వత్తము. లాల్‌బహదూర్ నగర్ దాటి తూర్పుగా పోయిన హయాత్‌నగర్ వచ్చును. అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగము పేర వెలసిన యూరది. అచ్చటి మసీదు చుట్టును బాటసారులకై కట్టిన గదుల వరుసలు నేటికిని కనబడును. గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకు సరకులు పోయిన దారి యిదియే. అబ్దుల్లా (1626–1672) యేలుబడిలో సర్మద్ అను నొక ఫకీరు హైదరాబాదునకు వచ్చెను. పారసీకమున యూదుల యింట పుట్టి, వారి ధర్మశాస్త్రమైన తోరాను అభ్యసించి, పిదప ఇస్లామును స్వీకరించి, ముల్లా సద్రా వంటి తత్త్వవేత్తలయొద్ద చదివి, వర్తకుడై సింధుదేశపు థట్టా పట్టణమునకు వచ్చినవాడు. అచ్చట అభయచందు అను హిందూబాలునిమీద ప్రేమచే సరకులను, సొమ్మును, తుదకు కట్టుబట్టను గూడ విడిచి దిగంబరుడయ్యెను. అభయచందు అతనియొద్ద తోరా నేర్చెను. మతములన్నింటిని గూర్చి పారసీకమున వ్రాయబడిన దబిస్తాన్ అను గ్రంథమును రచించినవాడు 1647లో వీరిని హైదరాబాదున కలిసికొనెను. అందలి యూదుల ప్రకరణమునకు సర్మదే మూలము. ఆదికాండారంభమును అభయచందు పారసీకములోనికి మార్చగా సర్మద్ సరిచూచి యిచ్చెను. యూదుల వేదము ఒక హిందువు చేతిమీదుగా, ముసల్మానైన యూదుడు సరిదిద్దగా, మన పట్టణముగుండ లోకమునకు తెలిసినది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకములలో మాకెక్కడను కనబడలేదు.

సర్మద్ పిదప ఢిల్లీ చేరి దారా షికోకు ఆప్తుడై, దారా పతనానంతరము ఔరంగజేబు కాలమున, 1661 ప్రాంతమున, శిరచ్ఛేదము పొందెను. జామా మసీదునొద్ద అతని సమాధి కలదు. అతడు యూదుడా, ముసల్మానా, వేదాంతియా యని నేటికిని వాదించువారు కలరు. కలిగినదెల్ల ఇచ్చివేసినవాడు ఆ పేరును గూడ ఇచ్చివేసెనని మా తలంపు.

వజ్రముల కథను క్లుప్తముగా ముగింతము. కృష్ణయొడ్డున కొల్లూరు గనులలో దొరకిన రాళ్ళకై లండనులోని యూదు వర్తకులు పగడములను వెండిని చెన్నపట్టణమునకు పంపుచుండిరి. వారిలో పెక్కండ్రు స్పెయిను, పోర్చుగల్ దేశములనుండి తఱుమబడినవారి సంతతి. తమ మతమును తరతరములు గుండెలో దాచుకొని పైకి క్రైస్తవులుగా బ్రదికినవారు. చెన్నపట్టణమున 1688లో నగరపాలకసంఘ మేర్పడినప్పుడు వారికిని అందు స్థానము లభించెను. ఆ వర్తకమున గని త్రవ్విన తెలుగు కూలికి దక్కినదేమో చదువరులే యూహింపగలరు.

దానమున పేరుపొందిన యూదులనగానే మన దేశమున ససూనుల పేరు వినవచ్చును. బాగ్దాదునుండి పాఱివచ్చి 1832 ప్రాంతమున బొంబాయి చేరిన డేవిడ్ ససూన్ ప్రత్తి, నల్లమందు వర్తకములచే అపారముగా గడించెను. చీనావారిని మత్తున ముంచిన సొమ్ము అందు కలదని చెప్పక తప్పదు. ఆ ధనముతోనే పూనాలో ఆసుపత్రియు, ప్రార్థనామందిరములును వెలసినవి. ఆసుపత్రి తలుపు అన్ని మతములవారికిని తెఱచియుండెను. అట్టి దాత 1836లో తనవారితో కలిసి ప్రభుత్వమునకొక యర్జీ పెట్టుకొనెను. ఏమని? బొంబాయి యూదుల శ్మశానమున బాగ్దాదీల సమాధులకును బెనె ఇస్రాయేలువారి సమాధులకును నడుమ గోడ యుండవలెనని. బెనె ఇస్రాయేలువారు కొంకణమున గానుగ లాడించుచు, శనివారము పని మానుటచే శనివారపు తేలీలని పేరుపొందిన ప్రాచీన యూదులు. నల్లనివారు, మరాఠీ మాటలాడువారు, బీదలు. పరజాతి రోగికి మంచమిచ్చిన చేయి, స్వజాతి శవమునకు ప్రక్కచోటు ఈయలేకపోయినది. ఇందు వింత యేమియు లేదు. గుడిలో వేయిమందికి అన్నము పెట్టి, వంటయింటి గడప దాటనీయని గృహస్థులను మనమెఱుగుదుము. కొందఱము ఆ గృహస్థులమే.

కొచ్చిలోను ఇంతే. 1568లో కట్టిన పరదేశి ప్రార్థనామందిరమున, విడుదలపొందిన దాసుల సంతతివారు కూర్చుండుటకు స్థానము లేక నేలమీదను గుమ్మమునొద్దను ఉండవలసివచ్చెను. ఆ కుటుంబములలో పుట్టి న్యాయవాదియైన అబ్రహాం బరాక్ సేలం (1882–1967) గాంధీ మార్గము ననుసరించి సత్యాగ్రహము చేసి, ఆ హక్కులను కొంచెము కొంచెముగా సాధించెను. కులము ఈ దేశపు గాలిలో నున్నది, వచ్చినవారెల్ల పీల్చిరి.

ఇప్పుడు బాట చివరకు వచ్చితిమి. లాల్‌బహదూర్ నగర్‌లో గుంటూరు బస్సెక్కి, గుంటూరునుండి మఱల కొంతదూరము పోయిన చేబ్రోలు వచ్చును. చేబ్రోలు దానములకు పేరుగన్న గ్రామము. అమరావతి నేలిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు కట్టించిన చతుర్ముఖబ్రహ్మ దేవాలయము అచ్చట కోనేటి నడుమ నున్నది. ఆయన తులాభారములను, భూదానములను నేటికిని కథలుగా చెప్పుకొందురు. ఆ చేబ్రోలు చేరువనున్న కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయిమ్ అను పేర తెలుగు యూదులు కలరు. కొన్ని పదుల కుటుంబములవారు. పుట్టుకచే మాదిగలు, వీరి పెద్దలు బాప్తిస్టు క్రైస్తవ సంఘములలో నుండినవారు, పెక్కండ్రు నేటికిని వ్యవసాయపు కూలీలు. 1980లలో షముయేల్ యాకోబి యెరూషలేమునకు పోయివచ్చెను. 1991లో ఆయనయు సోదరుడు సాదోక్ యాకోబియు ముఖ్యులై ప్రార్థనామందిరమును నెలకొల్పిరి. క్రీ.పూ. 722లో అస్సీరియావారిచే చెఱగొనిపోబడి చెదరిన పదిగోత్రములలో ఎఫ్రాయిము గోత్రము తమదని వీరి విశ్వాసము. శనివారము విశ్రాంతిదినముగా పాటింతురు, హెబ్రీ నేర్చుకొందురు, యూదుల పండుగలు చేసికొందురు. యూలియా యెగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వీరిని గూర్చి 2013లో ఆంగ్లమున ఒక గ్రంథమును ప్రకటించిరి. దళితుల యాత్మగౌరవ పోరాటముతో కలిపి చూచినగాని వీరి కథ తెలియదని వారు విశదపఱచిరి.

ఈ గ్రంథమును మేము చదువుచుండగా పాఠశాలలో మా సహోపాధ్యాయుడొకరు చూచి, సంగతి విని, “ఇంకేముంది మాస్టారూ, వీసా కోసం. ఇచ్చేవాణ్ణి చూస్తే చచ్చేవాడైనా లేచి వస్తాడు” అనిరి. మేము ఆయనతోపాటు నవ్వితిమి. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఆ నవ్వే. పంఖా రెక్కమీది పేరును చూచి నవ్వినప్పుడు దాతను నవ్వితిమి. ఇప్పుడు పుచ్చుకొనువానిని, పుచ్చుకొనక పూర్వమే, నవ్వితిమి. ధనికుడు మతము మార్చిన తత్త్వజిజ్ఞాస యందుము. బీదవాడు మార్చిన ఆకలి యందుము. ఆ సామెతలో మన ఔదార్యమునకు అడుగున నున్న మడ్డి యంతయు కలదు.

ఈ నిందకు తెలుగునాట నూటయేబదియేండ్ల వయసున్నది. 1876–78 కఱవున ఒంగోలులోని అమెరికను బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని, చచ్చుచున్న జనమునకు కూలి చూపెను. మైమొనిడీసు పై మెట్టున పెట్టిన దానమది. కఱవు సాయమునకై మతమున చేరిరను మాట రాకుండుటకు, ఆ సాయము సాగినంతకాలమును బాప్తిస్మము లిచ్చుటను ఆయన నిలిపివేసెను. సాయము ముగిసిన పిదపనే తలుపు తెఱచెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మంది, ముఖ్యముగా మాదిగలు, బాప్తిస్మము పొందిరి. కూలియు గంజియు మాయమైన పిదప వచ్చినవారిని గూడ లోకము ‘బియ్యపు క్రైస్తవు’ లనియే పిలిచినది. వారు ఏమి కోరి వచ్చిరో అడిగినవారు తక్కువ. ఒక మనిషి తన్ను పేరుపెట్టి పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుట యన్నది బియ్యముకంటె తక్కువ కోరికయా?

లాభనష్టములనే చూచిన, కొత్తరెడ్డిపాలెపు లెక్క మా సహోపాధ్యాయుని లెక్కకు అందదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులపు హోదా హిందువులకును, 1956నుండి సిక్కులకును, 1990నుండి బౌద్ధులకును మాత్రమే చెల్లును. యూదుడనని చట్టముముందు చెప్పుకొన్న మాదిగ ఆ హోదాను వదలుకొనవలసినదే. ఇక ఇస్రాయేలు పోవుటకు 1950 నాటి తిరిగివచ్చు హక్కు చట్టము వీరికి తలుపు తీయలేదు. విదేశములనుండి వచ్చు యూదు మిత్రులు ప్రార్థనాగ్రంథములిచ్చి, హెబ్రీ నేర్పి పోవుటయు కద్దు. వచ్చినవారిలో కొందఱు మీ ప్రాచీనతకు నిదర్శనమేదని అడుగుదురు. సాక్ష్యముగా చూపుటకు వీరియొద్ద నున్నది పెద్దల నోటిమాటయు, శవములను పాతిపెట్టుట మొదలగు నాచారములును. మాదిగల చరిత్రను వ్రాసి పెట్టినవారెవరు? మేర పుచ్చుకొన్నవాని పేరు కరణము లెక్కలో ఎక్కెనేమో గాని, అతని తాతతండ్రుల కథ యెక్కడను ఎక్కలేదు. కాగితము లేనివానిని కాగితము తెమ్మనుట మనకు క్రొత్త గాదు.

వీరి గోత్రకథ చరిత్రకు నిలుచునా యని అడిగిన, నిలుచుటకు తగిన యాధారము మాకు కనబడలేదని చెప్పుదుము. చరిత్రపాఠము చెప్పువారము గనుక అంతకంటె చెప్పరాదు. కాని చరిత్రకు నిలువని వంశావళులను మన రాజులెందఱు చంద్రునిదాకను సూర్యునిదాకను వ్రాయించుకొనలేదు? వానిని శాసనములుగా అచ్చు వేసి, పీఠికలు వ్రాసి, మేమే పిల్లలకు పాఠము చెప్పుచున్నాము. చంద్రవంశమును విన్నప్పుడు రాని నవ్వు ఎఫ్రాయిము గోత్రమును విన్నప్పుడేల వచ్చెను?

రెండు దినముల పిదప మా సహోపాధ్యాయుడే మఱల అడిగిరి: “అయితే వాళ్ళు నిజంగా యూదులేనంటారా?” ఆ తీర్పు మా చేతిలోనిది కాదని, యూదులలోనే ఇట్టి తీర్పులు ఎంతకాలము పట్టినవో చెప్పితిమి. ససూను గోడ యడిగిన బెనె ఇస్రాయేలువారు ఇస్రాయేలునకు పోయినను, వారితో వివాహమాడవచ్చునా యను సందేహము వారిని వెంటాడినది. వారు వీధికెక్కి పోరాడిన పిదప, 1964లో, సంపూర్ణముగా యూదులేయని ఒప్పుకొనిరి. మణిపురము, మిజోరములయందలి బెనె మెనషేవారు పోయిన గోత్రపు సంతతియని 2005లో అచ్చటి ప్రధాన రబ్బీ షలోమో అమార్ అంగీకరించెను. అయినను పోయినవారు శాస్త్రప్రకారము మతదీక్షను పుచ్చుకొనవలసివచ్చెను. కొత్తరెడ్డిపాలెమువారి విషయమున అట్టి తీర్మానమేదియు ఇంతవఱకు వెలువడలేదు. శనివారము వచ్చినప్పుడు వారు కూలి మానుకొని ప్రార్థనకు పోవుచున్నారు. ఆనాటి కూలి వారికెవ్వరును ఇచ్చుట లేదు.